ఆదోని, ఎమ్మిగనూరుల్లో నిఘా కెమెరాలు, భద్రతా పరికరాలు: ఎంపిక, వాడకం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో సుమారు 30 కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల వ్యాపార వీధుల్లో సీసీ కెమెరా ఇప్పుడు తూకం రాళ్లంత మామూలు వస్తువు. 2011 జనాభా లెక్కల నాటికి ఆదోనిలో సుమారు 1,66,000 మంది, ఎమ్మిగనూరులో సుమారు 95,000 మంది ఉన్నారు. ఆదోనిది పత్తి బతుకు: మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు, దలాలీ మండీలు, ఆ డబ్బు చుట్టూ పెరిగిన బంగారు దుకాణాలు. ఎమ్మిగనూరుది మగ్గం బతుకు: 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం, సంక్రాంతి రోజుల్లో నీలకంఠేశ్వరుని జాతర. మంత్రాలయం వెళ్లే యాత్రికుల రాకపోకలు వీటికి తోడు. సరుకు ఒకటి కాదు, రద్దీ ఒకటి కాదు, భయాలూ ఒకటి కావు. అయినా బంగారు దుకాణానికీ పత్తి గోడౌనుకూ వీధి చివరి ఇంటికీ అమ్ముడుపోయేది ఒకే రకం సరంజామా: నాలుగు కెమెరాల సెట్టు, లేదా ఎనిమిది కెమెరాల సెట్టు. బేరమంతా సంఖ్య మీద, మెగాపిక్సెల్ మీద నడుస్తుంది. ఈ బేరం తలకిందులుగా ఉందన్నది ఈ వ్యాసంలోని వాదన. ప్రతి కెమెరా రేపు ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో, దాని బాగోగులకు ఎవరు పూచీ పడతారో ముందు తేలాలి. పరికరం ఆ తర్వాత ఎంచుకోవలసింది.

పూచీ అన్న మాట ఈ సీమకు కొత్తది కాదు. పాత గ్రామ వ్యవస్థలో కాపలా తలారిది. అతనికి మాన్యం భూమో, పంటలో మేరో ఉండేది. బదులుగా ఊళ్లో దొంగతనం జరిగితే ఆచూకీ తియ్యడం, చాలా చోట్ల ఆచూకీ తియ్యలేకపోతే నష్టం భరించడం అతని మీద పడేది. 1800లో ఈ ప్రాంతం దత్తమండలంగా ఇంగ్లీషు కంపెనీకి దఖలుపడ్డాక కూడా, 1816 నాటి మద్రాసు పోలీసు నిబంధన తలారిని వ్యవస్థలో భాగంగానే ఉంచుకుంది. కాపలాకు కన్ను ఎంత అవసరమో జవాబుదారీ అంతే అవసరమని ఆ ఏర్పాటుకు తెలుసు. సీసీ కెమెరాల తొలి రోజుల్లో, 1942లో జర్మనీలోని పెనెముండేలో రాకెట్ ప్రయోగాలను దూరం నుంచి చూడడానికి వాల్టర్ బ్రూక్ కెమెరాలు అమర్చినప్పుడు కూడా తెర ముందు మనుషులు కూర్చుని చూసేవారు. ఇప్పటి దుకాణంలో తెర ఉంటుంది, దాని ముందు మనిషి ఉండడు. కెమెరా రాత్రంతా చూసింది ఏదైనా జరిగాకే బయటికి వస్తుంది. కాబట్టి మామూలు సీసీ కెమెరాను కాపలా మనిషితో పోల్చడం పొరపాటు. అది తర్వాత పిలిపించుకునే సాక్షి. సాక్షిని ఎలా నిలబెట్టామన్నదే దాని విలువను తేలుస్తుంది.

పరిశోధనలు చెబుతున్నదీ ఇంచుమించు ఇదే. పిజా, వెల్ష్, ఫారింగ్టన్, థామస్ అనే నేరశాస్త్రవేత్తలు నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో ప్రచురించిన సమీక్షలో, కెమెరాలు పెట్టిన చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గినట్టు తేలింది. ఆ తగ్గుదల అన్ని చోట్లా ఒకేలా లేదు. వాహనాలు నిలిపే స్థలాల్లో బాగా కనిపించింది. కొట్లాటలు, దాడుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కెమెరాలను మనుషులు కనిపెట్టి చూస్తున్న చోట, దీపాల వంటి ఇతర ఏర్పాట్లు తోడైన చోట ఫలితం మెరుగ్గా ఉంది. కెమెరా ఒక్కటే కొట్లాటను ఆపలేదనడానికి మన దగ్గరి ఉదాహరణ హొళగుంద మండలంలోని దేవరగట్టు. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరుల బన్ని ఉత్సవానికి పోలీసులు సీసీ కెమెరాలు పెడుతున్నారు, డ్రోన్లు ఎగరేస్తున్నారు. అయినా ఆ ఉత్సవంలో భక్తులు చేసే కర్రల సమరం ఆగలేదు, తలలు పగలడం ఆగలేదు. దివిటీల పొగలో, దుమ్ములో, వేల మంది ఒకేసారి కదిలే చోట కెమెరా చెయ్యి అడ్డుపెట్టలేదు. ఎవరు ఎటు నుంచి వచ్చారో, తొక్కిసలాట ఎక్కడ మొదలయ్యేలా ఉందో చూపించగలదు. ఆ దృశ్యాన్ని అక్కడికక్కడే చూసి బలగాన్ని పంపే మనిషి ఉన్నప్పుడే దానికి సార్థకత.

కెమెరా కనిపిస్తే చాలు దొంగ జంకుతాడు, అది పనిచేస్తుందా లేదా అన్నది వాడికేం తెలుసు అన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. ఉత్తుత్తి కెమెరాలు అమ్ముడుపోయేది ఈ నమ్మకం మీదనే. ఇందులో కొంత నిజముంది. చేతికందిన సైకిలునో సెల్‌ఫోనునో ఎత్తుకుపోదామనుకున్నవాడు వెనుకాడవచ్చు. కానీ బంగారు దుకాణం షట్టరు మీద కన్నేసినవాడు ముందుగా వచ్చి చూసుకుంటాడు, మొహానికి గుడ్డ కట్టుకుంటాడు, పోతూ పోతూ దృశ్యాలు రికార్డయ్యే డీవీఆర్ పెట్టెను కూడా పట్టుకుపోతాడు. జంకు మీద ఆధారపడ్డ యజమాని తాళం మీద, షట్టరు మీద, వీధి దీపం మీద పెట్టాల్సిన డబ్బు తగ్గించుకుంటాడు. ఉత్తుత్తి కెమెరా చేసే అసలు చెరుపు ఇదే. డీవీఆర్ గల్లాపెట్టె పక్కన ఉండకూడదు. లోపలి గదిలో తాళం వేసిన ఇనుప పెట్టెలో, గాలి ఆడేలా ఉండాలి.

ఇక మెగాపిక్సెళ్ల సంగతి. కెమెరా ఎంత దూరం చూస్తుందన్నది అమ్మేవాడు చెప్పే మాట. కొనేవాడు అడగవలసింది ఎంత దూరంలో ముఖం గుర్తుపట్టవచ్చు అని. దీనికి ఐఈసీ 62676 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 నాటి కూర్పులో కొలత ఉంది. మనిషో వాహనమో ఉన్నట్టు తెలియడానికి దృశ్యంలో మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. తెలియని మనిషిని సందేహం లేకుండా గుర్తించాలంటే 250 ఉండాలి. 2 మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగా 1920 పిక్సెళ్లు ఇస్తుంది. 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంటే దాని చట్రంలో పట్టే వెడల్పు ఎనిమిది మీటర్లు దాటితే అపరిచితుడి ముఖం మీద ఆశ వదులుకోవాలి. సెట్లలో సాధారణంగా వచ్చే 2.8 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సుతో ఈ హద్దు సుమారు నాలుగు మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. అదే కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే హద్దు 17 మీటర్ల దాకా జరుగుతుంది, కానీ చూపు సన్నని సందులా మారుతుంది. మొత్తం దుకాణం కనిపించాలి, ముఖమూ కనిపించాలి అంటే ఒక్క కెమెరా వల్ల కాదు. వెడల్పు చూపుది ఒకటి, గుమ్మం మీద గురిపెట్టిన సన్న చూపుది ఒకటి కావాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే, నాలుగు మూలలా వేలాడే నాలుగు వెడల్పు కెమెరాల కన్నా మేలు. ఎత్తు కూడా ముఖ్యం. చేతికందకూడదని పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తున బిగిస్తే కెమెరాకు కనిపించేది నడినెత్తి, తలపాగా. ముఖం కోసం పెట్టేదాన్ని ఎనిమిది అడుగుల ఎత్తులో, వచ్చేవారికి ఎదురుగా ఉంచాలి.

పత్తి నూగు ఎగిరే చోట, ఎండ మండే చోట హమాలీ నుంచి మోటారు సైకిలు మీది మనిషి దాకా అందరూ తువ్వాలు చుట్టుకునే ఊళ్లలో ముఖం మాటే వ్యర్థమని ఎవరైనా అనవచ్చు. ఆ మాట తోసెయ్యదగ్గది కాదు. అందుకే ముఖం తప్పనిసరిగా బయటపడే చోటు వెతకాలి. కూలి డబ్బు తీసుకునే కిటికీ, చీటీ రాయించుకునే బల్ల, నీళ్ల కుండ అలాంటి చోట్లు. ముఖం దొరకని చోట బండి నంబరు, వచ్చిన దిక్కు, పోయిన వేళ దొరికినా దర్యాప్తుకు దారి దొరుకుతుంది. నంబరు ప్లేటు కోసం వేరే కెమెరా కావాలి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో మామూలు కెమెరాకు ప్లేటు తెల్లని మరకలా కనిపిస్తుంది.

బజారు దుకాణానికి మరో చిక్కు వెలుగుది. లోపల చీకటి, బయట రాయలసీమ ఎండ. గుమ్మం వైపు తిప్పిన మామూలు కెమెరాలో లోపలికి వచ్చేవాళ్లంతా నల్లని నీడలే. వెలుగు నీడలను సర్దుకునే వైడ్ డైనమిక్ రేంజ్ సదుపాయం నిజంగా ఉన్న కెమెరా ఇక్కడ తప్పదు. పెట్టె మీద ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన నమ్మకుండా, మిట్ట మధ్యాహ్నం దుకాణంలోనే పెట్టి చూసుకోవాలి. రాత్రి చూపుకు వాడే ఇన్‌ఫ్రారెడ్ దీపాలతో ఇంకో కష్టం. సాలెగూడు, దుమ్ము, పత్తి నూగు కెమెరా ముందు చేరితే ఆ కాంతి వాటి మీదే పడి వెనక్కి కొట్టి దృశ్యమంతా మంచులా అయిపోతుంది. జిన్నింగ్ మిల్లుల్లో దూది సీజను నడిచే నెలల్లో డోము కెమెరా గుండ్రటి మూత మీద రెండు మూడు రోజులకే నూగు పేరుకుంటుంది. అక్కడ డోము కంటే దీపం, లెన్సు విడివిడి అద్దాల వెనుక ఉన్న కెమెరా నయం. ఐపీ 66 అని ఉంటే దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవన్న హామీ ఉంటుంది. పైన పేరుకున్నది తుడవడం మాత్రం మనిషి పని. డీవీఆర్ ఫ్యాను నూగుతో మూసుకుపోతే మే నెల వేడికి హార్డ్ డిస్క్ ముందు పోతుంది. వారానికోసారి, దూది సీజనులో రెండు మూడు రోజులకోసారి, మెత్తని గుడ్డతో తుడిచే మనిషి పేరు గోడ మీద రాసి ఉండడం, ఇంకో కెమెరా కొనడం కన్నా లాభం.

పత్తి వ్యాపారంలో కెమెరా ఎక్కువగా అక్కరకొచ్చేది దొంగతనం కన్నా తగాదా తీర్చడంలో. రైతుకూ వ్యాపారికీ మాట తేడా వచ్చేది తూకం దగ్గర. వేబ్రిడ్జి మీదున్న బండి నంబరు, కాటా చూపే అంకె, నిలబడ్డ మనుషులు ఒకే వేళకు రికార్డయ్యేలా రెండు కెమెరాలు కుదిర్చితే ఆ తగాదా నిమిషాల్లో తేలుతుంది. ఆ దృశ్యం రైతు అడిగినా చూపించాలి. వ్యాపారి ఒక్కడికే అందుబాటులో ఉండే సాక్ష్యం సగం సాక్ష్యమే. మిల్లుల్లో అసలు భయం నిప్పు. యంత్రంలో పుట్టిన చిన్న రవ్వ దూది కుప్ప లోపల గంటల తరబడి రాజుకుంటూ ఉండగలదు. పైకి మంట వచ్చేదాకా మామూలు కెమెరాకు ఏమీ కనిపించదు. వేడిని చూసే థర్మల్ కెమెరాలు దీన్ని ముందే పసిగట్టగలవు గానీ ఖరీదైనవి. పొగ, రవ్వ సెన్సర్లు, నీటి తొట్టి, ఇసుక బకెట్లు, రాత్రి తిరిగే మనిషి లేకుండా కెమెరాల మీదే ఖర్చు పెట్టిన మిల్లు తన ఆస్తి కాలిపోవడాన్ని స్పష్టంగా రికార్డు చేసుకుంటుంది, అంతే.

నిల్వ లెక్క చాలామంది వెయ్యరు. 2 మెగాపిక్సెల్ కెమెరా వీడియోను కుదించే పాత హెచ్.264 పద్ధతిలో సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 43 గిగాబైట్లు. నాలుగు కెమెరాలకు 1 టెరాబైట్ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. హెచ్.265లో సగానికి తగ్గించినా నాలుగు కెమెరాలకు 30 రోజులంటే సుమారు 2.6 టెరాబైట్లు. ఈ 30 రోజుల లెక్క ఊరికే చెప్పింది కాదు. జనం పెద్ద సంఖ్యలో వచ్చే దుకాణాలు, థియేటర్లు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్ల కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు ఉంచాలనీ 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం చెబుతోంది. పోలీసు స్టేషన్లలోని కెమెరాల విషయంలో 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసు తీర్పులో సుప్రీంకోర్టు అడిగింది 18 నెలల నిల్వ, అది కుదరకపోతే కనీసం ఏడాది. మన దుకాణాల్లో వారం దాటితే చెరిగిపోతుంటే, నెలాఖరు లెక్కల్లో బయటపడ్డ మోసానికి ఆధారం ఎక్కడుంటుంది? కరెంటు పోయినప్పుడు కెమెరా కళ్లు మూసుకోకూడదంటే డీవీఆర్‌కూ కెమెరాలకూ కలిపి యూపీఎస్ ఉండాలి. నాలుగు కెమెరాల సరంజామా తీసుకునేది 50 వాట్ల లోపే కాబట్టి దుకాణం ఇన్వర్టరే సరిపోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలతో మోసపోవద్దు. పాత పద్ధతి కెమెరాకు మంచి కోయాక్సియల్ కేబుల్, నెట్‌వర్క్ కెమెరాకు పూర్తి రాగి కేబుల్ వెయ్యాలి. నెట్‌వర్క్ కేబుల్ ఒక దారిలో 100 మీటర్లకు మించితే పనికిరాదు. పిడుగుల కాలానికి ముందు ఎర్తింగ్ చూపించుకోవాలి.

దొంగ లోపల ఉండగానే కబురు అందాలంటే అలారం కావాలి. తలుపుకు అయస్కాంతపు సెన్సరు, షట్టరుకు అదురు పసిగట్టే సెన్సరు, సైరను, ఫోనుకు కాల్ చేసే సిమ్ పెట్టె, ఇవన్నీ కలిపినా చాలా కెమెరా సెట్ల కన్నా చవక. కదలికను కనిపెట్టే పీఐఆర్ సెన్సరు విషయంలో ఈ ప్రాంతం వాళ్లు ఒకటి గమనించాలి. అది మనిషి ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తుంది. రేకుల షెడ్డులో వేసవి రాత్రి కూడా గోడలు ఒంటి వేడికి దగ్గరగా ఉంటే దాని చురుకు తగ్గుతుంది. అలాంటి చోట మైక్రోవేవ్ కూడా కలిసిన సెన్సరు మేలు.

ఇంటికి వస్తే, పడమటి మండలాల్లో తాళం వేసిన ఇల్లు ఒక సామాజిక వాస్తవం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికని (కోతల కాలపు వలసకని) గుంటూరు మిరప చేలకు, భవన నిర్మాణ పనులకని బెంగళూరుకు కుటుంబాలు నెలల తరబడి పోతాయి. ఇంట్లో మిగిలితే ముసలివాళ్లు మిగులుతారు, లేదా తాళం మిగులుతుంది. ఫోనులో చూసుకునే వైఫై కెమెరా వీళ్లకు ఉపయోగం అనిపిస్తుంది గానీ, రీచార్జి అయిపోయిన రోజున అది గుడ్డిదవుతుంది. చూసిన మనిషి వందల కిలోమీటర్ల అవతల ఉండి చేసేదేమిటి? ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో తెచ్చిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం ఈ లోపాన్ని గుర్తించిన ఏర్పాటు. ఊరెళ్లేవారు యాప్‌లో కోరితే ఇంట్లో కెమెరా పెట్టి, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకే సంకేతం పోయేలా చేశారు. చూసేవాడే స్పందించేవాడు కావడం అందులోని బలం. అలాంటి సాయం అందని పల్లెలో ఆ సంకేతం పక్కింటివారి ఫోనుకో, ఊళ్లో ఉన్న బంధువు ఫోనుకో కూడా పోయేలా చేసుకోవాలి.

ఇంటర్నెట్‌కు కలిపిన కెమెరా మన ఇంట్లోకి ఇతరులు తొంగిచూసే కిటికీ కూడా కాగలదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో వశపరచుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి దృశ్యాలు బయటికి పొక్కి అమ్మకానికి వెళ్లాయి. బిగించిన మనిషి వీధిలోని అన్ని దుకాణాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి పోతే ఒకటి తెలిసినవాడికి అన్నీ తెలిసినట్టే. పని ముగిసిన రోజే యజమాని స్వయంగా పాస్‌వర్డు మార్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన భద్రతా నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ పరీక్షల్లో నెగ్గిన కెమెరానేనా అని అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోవడం కొనేవారి హక్కు.

సాక్ష్యం కోర్టుదాకా పోవాలంటే కొన్ని పద్ధతులున్నాయి. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలుకు ధ్రువపత్రం తప్పనిసరి అని స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ఆ పత్రాన్ని రెండు భాగాలుగా చేసి, ఫైలు మార్పుకు లోనుకాలేదని చూపే హాష్ విలువ కూడా అడుగుతోంది. తెరను సెల్‌ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపిస్తే పోలీసులకు ఆచూకీ దొరకవచ్చు గానీ కోర్టులో అది నిలవడం కష్టం. అసలు ఫైలును పెన్‌డ్రైవులోకి తీసి, డిస్కు మీద మళ్లీ రాయకముందే ఆపి పోలీసులకు చెప్పాలి. డీవీఆర్ గడియారం ఇరవై నిమిషాలు తప్పుగా ఉన్నా ఎదుటి వకీలుకు అది చాలు. నెలకోసారి గడియారం సరిచూడడానికి పట్టేది అర నిమిషం.

తప్పు చెయ్యనివాడికి కెమెరా అంటే భయమెందుకు అని అడిగేవారికి ఎమ్మిగనూరు మగ్గాల వీధులు జవాబు చెబుతాయి. అక్కడ ఇల్లూ పనిచోటూ ఒకటే. గుంట మగ్గం ఉన్న గదిలోనే వంట, నిద్ర. గుమ్మం ముందు కూర్చుని ఆడవాళ్లు కండెలు చుడతారు. ఇరుకు సందులో ఎదురింటి కెమెరా చూపు ఆ గుమ్మంలోకి దూరితే, ఆ కుటుంబం పగలంతా పరాయి తెర మీద బతుకుతున్నట్టే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అనుమతి లేకుండా రహస్యాంగాల చిత్రాలు తీస్తే, ఇతరులకు పంపితే ఐటీ చట్టం 66ఈ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సొంత ఇంటి అవసరాలను మినహాయించినా, దుకాణానికీ మిల్లుకూ బాధ్యత పెడుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలుకు వస్తున్నాయి. మిల్లులో కూలీలు బట్టలు మార్చుకునే చోట, మరుగుదొడ్డి దారిలో కెమెరా ఉండకూడదు. ఉన్న చోట ఉన్నదని తెలుగులో బోర్డు ఉండాలి. పొరుగింటి భాగాన్ని తెర మీద నల్లగా మూసేసే ప్రైవసీ మాస్క్ సదుపాయం ఇప్పటి డీవీఆర్‌లలో చాలావాటికి ఉంది. దాన్ని వాడడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

కొనబోయేవారికి చివరిగా ఒక విన్నపం. కెమెరాలు బిగించినవారికి మిగతా డబ్బు ఇచ్చేముందు, చీకటి పడ్డాక, వీధి దీపం ఎలా ఉందో అలాగే ఉంచి, వాళ్లకు తెలియని ఒక మనిషిని మీ గుమ్మం దాటి లోపలికి నడిపించండి. మర్నాడు ఆ రికార్డు తీయించి అతని ముఖం ముద్ర వేయించండి. నలుగురిలో నిలబడ్డ ఆ మనిషిని బిగించినవారు ఆ కాగితం చూసి వేలుపెట్టి చూపించగలిగితేనే డబ్బు ఇవ్వండి.